వెన్నచిప్పా, చుట్టమా?

పుట్టగొడుగు అడుగున ఉండే సన్నటి రేకుల మీద బొటనవేలు అడ్డంగా రాసింది. రేకులు పెళుసుగా విరిగి బల్ల మీద పొట్టులా రాలాయి. మంచిది. కుడివైపు ట్రేలోకి పోయింది. ఇంకొకటి తీసి తిరగేశాడు, రాశాడు, రాలాయి. అదీ కుడికే. మరొకటి. మరొకటి. అడవి నుంచి వచ్చిన తట్టలు పక్కన బారుతీరి ఉన్నాయి. వాటి అడుగు నుంచి వాననీళ్ళు కారి సిమెంటు గచ్చు మీద పాయలు కడుతున్నాయి. షెడ్డు కప్పు మీద చినుకు ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, మళ్ళీ ఆగుతోంది. కురవాలో మానాలో దానికీ తేలినట్టు లేదు.

షెడ్డులో అందరూ అతన్ని జల్లెడ అంటారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినపడదు. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, రోజంతా బల్ల మీదికి వంగి వంగి. బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. వేలి కొసన చర్మం ఎంత తోమినా పోని నలుపు. ఆ వేలే అతని చదువు, ఉద్యోగం, పరువు. ఊళ్ళోవాళ్ళు అడవిలో కోసుకొచ్చిన పుట్టగొడుగుల్ని ఆ వేలు చూశాకే లారీ ఎక్కిస్తారు.

ఈ అడవిలో లేతాకుపచ్చ టోపీ పెట్టుకుని లేచేవి మూడు రకాలు. మొదటిది పచ్చచిప్ప. దాని రేకులు ముట్టుకుంటే చాలు రాలిపోతాయి, చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. రెండోది వెన్నచిప్ప. రుచికి దాన్ని మించింది లేదు. దాని రేకులు రాలవు, వెన్న రాసినట్టు జిడ్డుగా వేలికింద వంగుతాయి. మూడోదానివీ వంగుతాయి. దానికి పెద్ద పుస్తకాల్లో ఏం పేరుందో గానీ, ఇక్కడ కోతవాళ్ళు దాన్ని చుట్టం అంటారు. పిలవకుండా వస్తుంది. మంచివాటి మధ్య మంచిదానిలా కూర్చుంటుంది. తిన్న రాత్రి ఏమీ అనదు, హాయిగా నిద్రపోనిస్తుంది. తెల్లారాక మొదలుపెడుతుంది. వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళదు.

దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. చుట్టం కాడ మొదట్లో, నేలలోపల, పగిలిన గుడ్డు పెంకులాంటి తెల్లసంచి ఉంటుంది. మొదలంటా పెకలించి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ కాడలుంటే మట్టి వస్తుందనీ, పట్నం హోటళ్ళవాళ్ళు పైగొడుగులే అడుగుతారనీ షెడ్డు యజమాని పెట్టిన పద్ధతి వేరు. టోపీ కిందనే కత్తిపెట్టి కొయ్యాలి, కాడ నేలకే వదిలెయ్యాలి. అంటే గుర్తు అడవిలో వదిలేసి, గొడుగు తెచ్చి, గుర్తుపట్టవయ్యా అని జల్లెడ ముందు పోస్తారన్నమాట. యజమానికి ట్రేలు శుభ్రంగా ఉంటే చాలు. ఆయన ఇంట్లో పుట్టగొడుగులు వండరు.

తట్ట ఖాళీ అయింది. నిన్నటి నుంచి పక్కనే పడున్న ఇంకో తట్ట అడుగున ఆకుల్ని దులపబోతే ఒక గొడుగు బయటపడింది. చూడగానే ఎవరు కోసిందో తెలిసింది. అంత నున్నటి కోత ఇంకెవరిదీ కాదు. కాడ పీచు ఒక్కటి కూడా మిగలకుండా, అద్దం ముక్కలా, వదిన కోత. పీచు కాస్త మిగిలినా బాగుండేది. చుట్టం కాడ పీచుపీచుగా చీలుతుంది, వెన్నచిప్ప కాడ సుద్దముక్కలా విరుగుతుంది. ఆవిడ నేర్పరితనమే ఆ ఆనవాలు కూడా లేకుండా చేసింది.

రేకుల మీద వేలు పెట్టాడు. వంగాయి.

నిన్న సాయంత్రం గొడవంతా దీని తోబుట్టువుల గురించే. వదిన తట్టలోంచి పిడికెడు గొడుగుల్ని అతను ఎడమవైపుకి తోశాడు. ఎడమవైపు అంటే చెత్తడబ్బా.

"ఏంట్రా, అటు తోస్తున్నావు?" అంది వదిన, నడుంమీద చేతులు వేసుకుని.

"వంగుతున్నాయి వదినా."

"వెన్నచిప్పలు వంగకేం చేస్తాయి? నీకు చిప్ప అంటే ఏంటో చూపించిన చేత్తోనే కోశాను అవి."

"వానకి నానాయి. నాకు తెలియట్లేదు. సందేహమొస్తే పారెయ్యమన్నది నువ్వే కదా."

"సందేహం నీకొస్తే నా తట్టలోవి పారేస్తావా? అసలు నీకు సందేహం రానిదేముంది? పెళ్ళిచూపులకెళ్ళి, ఆ పిల్లను ఎగాదిగా చూసి, ఆలోచించుకుని చెప్తానన్నావు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నావు."

తూకం దగ్గర కూర్చునే మనిషి పగలబడి నవ్వాడు. "తొందరేం లేదు గురూ, ఆ పిల్ల మనవరాలికి పెళ్ళీడొచ్చాక చెబుదువులే."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఎడమవైపు పడ్డ గొడుగుల్ని ఒక్కొక్కటే ఏరి చేతిసంచిలో వేసుకుంది. "ఉల్లిపాయలేసి వేయించుకుని తింటా. రేపు పొద్దున్నే వచ్చి ఈ బల్ల ముందే నిలబడతా. అప్పుడు చెప్పు నీ సందేహం."

సంచి లాక్కోవాల్సింది. చెయ్యి సగందాకా వెళ్ళింది కూడా. ఒకవేళ అవి నిజంగానే వెన్నచిప్పలైతే? నలుగురిలో ఆవిణ్ణి రెండోసారి అవమానించినట్టవుతుంది. సగం దూరంలో ఆగిన చేతిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాడు. వదిన వెళ్ళిపోయింది.

అతని చేతులెప్పుడూ సగం దూరంలోనే ఆగుతాయి. చెట్టు మీదపడి అన్న పోయినప్పుడు అతనింకా నిక్కర్లేసుకునే వయసు. వదినకు పుట్టింటికి పోయే దారుంది. పోలేదు. మరిదిని బడి మాన్పించి అడవికి తీసుకెళ్ళింది. ముద్దుచేసే మనిషి కాదు. తప్పు గొడుగు పట్టుకుంటే చేతిమీద ఒక్కటిచ్చేది. సందేహమొస్తే పారెయ్యి, అనేది. అతను ఆ మాట బాగా ఒంటబట్టించుకున్నాడు. పట్నంలో పనుందని ఎవరో పిలిస్తే సందేహమొచ్చి మానేశాడు. ఇల్లు కట్టుకుందామనుకుని జాగా చూసి, సందేహమొచ్చి మానేశాడు. పెళ్ళి సంగతి సరేసరి. పారెయ్యగా పారెయ్యగా ట్రేలో చివరికి మిగిలింది షెడ్డు వెనక గదీ, ఈ బల్లా, సెలవురోజున వదిన ఇంట్లో భోజనం.

వదినకు ఈమధ్య చూపు తగ్గింది. గొడుగును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఆవిడతో ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది?

ఈ పొద్దున వదిన రాలేదు.

వాన కదా, అనుకున్నాడు. వానకి ఏనాడూ ఆగని మనిషి కదా, అని కూడా అనుకున్నాడు. గొడుగును కిటికీ గట్టు మీద పెట్టి ఇంకో తట్ట లాక్కున్నాడు. రెండు గొడుగులు చూసి, లేచివెళ్ళి మళ్ళీ దాన్ని తీశాడు. జిడ్డుగానే ఉంది. వెన్నచిప్పే. వానకి ఏదైనా జిడ్డుగానే ఉంటుందేమో. అంచు దగ్గర కాస్త ఊదారంగు ఉంటే వెన్నచిప్ప. ఉందా? మబ్బు వెలుతురులో ఉన్నట్టే ఉంది. తల పక్కకి వంచి చూస్తే లేదు.

వెన్నచిప్పే అయుండాలి. వదినే నెగ్గాలి. వచ్చి, బల్ల ముందు నిలబడి, అందరి ముందూ చెడామడా తిట్టాలి. తన మాట తప్పైపోవాలని అతను కోరుకోవడం అదే మొదలు. ఆ కోరిక ఎటు పట్టుకోవాలో తెలియని కొత్త పనిముట్టులా ఉంది.

ట్రేలు సగం నిండేసరికి పాలామె సైకిలు గుమ్మం ముందు ఆగింది. ఊరికి కొత్త. అడవి మొహం చూసిన మనిషి కాదు.

"అన్నయ్యా, మీ వదినగారు కబురు చెప్పమన్నారు. ఇంటికి చుట్టాలొచ్చారంట. నిన్ను రమ్మన్నారు."

"చుట్టాలా? ఎవరు?"

"నేను లోపలికెళ్ళలేదు. కిటికీలోంచే చెప్పారు. పాలు కూడా వద్దన్నారు. ఇంటినిండా చుట్టాలైతే పాలొద్దంటారేంటా అనుకున్నా. మనకెందుకులే."

"మనిషెలా ఉంది?"

"బానే ఉన్నారు. కాస్త నీరసంగా... చుట్టాలొస్తే ఎవరికుండదు నీరసం?" పాలామె తన మాటకి తనే నవ్వి పెడల్ మీద కాలు వేసింది. "వీలు చూసుకుని వెళ్ళన్నయ్యా. చుట్టాలెక్కడికి పోతారు?"

అతనికి ఒళ్ళు తేలికైపోయింది. అదన్నమాట! దిగువూరు నుంచి వదిన చెల్లెలు సంసారం దిగుంటుంది. ఇంటినిండా మనుషులుంటే షెడ్డుకొచ్చి పోట్లాడే తీరికెక్కడిది? మనిషి లేచి తిరుగుతోంది, కబురు పంపుతోంది. అంటే తిన్నవి వెన్నచిప్పలే. పాలెందుకు వద్దంది? వాళ్ళే తెచ్చుంటారు. పల్లెటూరివాళ్ళు పాలు లేకుండా వస్తారా? కిటికీ దగ్గరికెళ్ళి గొడుగు మీద వేలు పెట్టాడు. అచ్చం వెన్న. ఇంతసేపూ దీన్ని పట్టుకునా భయపడ్డాను, అని తనను తానే తిట్టుకున్నాడు.

"వెళ్ళు గురూ, మిగతావి నేను చూస్తాలే," అన్నాడు తూకం మనిషి.

"నువ్వు చూస్తే పట్నం ఖాళీ అవుతుంది. లారీ వెళ్ళాక వెళ్తా."

లారీ ఆలస్యంగా వచ్చింది. అది వెళ్ళాక స్నానం చేశాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, దువ్వెన తడిపి తల దువ్వుకున్నాడు. ఎందుకో గొడుగును జేబులో వేసుకున్నాడు. వదిన ముందు పెట్టి, నీదే నిజం అని ఒప్పుకోవచ్చు. బేకరీ దగ్గరాగి, చుట్టాల పిల్లలకని బిస్కెట్ పొట్లం కట్టించుకున్నాడు. చారల కాగితమా, పువ్వుల కాగితమా అని బేకరీవాడు అడిగితే కాసేపు తేల్చుకోలేకపోయాడు.

వదిన ఇంటి గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత కూడా లేదు. లోపల మాటలు లేవు, గిన్నెల చప్పుడు లేదు. తలుపు తోస్తే తెరుచుకుంది. మంచం పక్కన బకెట్టు. గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని వదిన. పెదవులు ఎండిపోయి పగుళ్ళు కట్టాయి.

"ఇప్పుడా రావడం?" అంది, తల తిప్పకుండానే.

"చుట్టాలేరీ వదినా?"

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. ఇస్త్రీ చొక్కా చూసింది. దువ్విన తల చూసింది. పువ్వుల కాగితం పొట్లం చూసింది. నవ్వబోయి, కడుపు పట్టుకుంది.

"చుట్టాలేంట్రా! చుట్టం. చుట్టం వచ్చినట్టుందని చెప్పమన్నాను."

పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆవిడ... చుట్టాలని..."

"పాలామెతో ఇంకేమని పంపను? ఇంత వయసొచ్చి చుట్టాన్ని వండుకు తిన్నానని ఊరంతా టముకు వెయ్యమంటావా? ఎవరికి అర్థం కాకపోయినా నీకైతే అవుతుందనుకున్నా."

బేకరీవాళ్ళ వ్యాన్‌లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిండి బస్తాల మధ్య కూర్చున్నంతసేపూ వదిన అతని మణికట్టు వదల్లేదు. ఆసుపత్రిలో గోడలకు ఎక్కడో చూసిన లేతాకుపచ్చ రంగు. ఎక్కడ చూశాడో తెలిశాక గోడలవైపు చూడటం మానేశాడు.

"పేషెంటుకి చుట్టం ఎవరు?" అంది నర్సు.

అతను ఉలిక్కిపడ్డాడు. "చుట్టమా? అదింకా తేలలేదమ్మా..."

"మిమ్మల్నేనండీ. ఆవిడకి మీరేమవుతారు?"

"మరిదిని."

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. కసురుకోలేదు. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది అని అడిగింది. పొద్దున్నే మొదలైందని వదిన చెప్పింది. డాక్టరమ్మ గడియారం చూసి, ఇస్త్రీ చొక్కావైపు ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంది. ఏదైనా అనుంటే బాగుండేది. జేబులోంచి గొడుగు తీసిచ్చాడు. అది నలిగి ముద్దయిపోయింది.

"ఇదేదో మీకు తెలుసా?"

"వంగుతోందండీ. వెన్నచిప్పయినా వంగుతుంది, చుట్టమైనా వంగుతుంది. పొద్దున వెన్నచిప్పే అనుకున్నా. నిన్న కాదనుకున్నా."

"దీన్ని చూసి నేనూ చెప్పలేను. వైద్యం మొదలుపెట్టేస్తున్నాం. కానీ మొదలుతో సహా ఒకటి దొరికితే పెద్దాసుపత్రివాళ్ళకు గట్టిగా చెప్పగలను. ఎక్కడ కోశారో చూపించగలరా?"

కోతవాళ్ళు తమ చోటు కన్నకొడుక్కి కూడా చెప్పరు. వదిన ఒకసారి తలుపువైపు చూసింది. తర్వాత అతని చెవి దగ్గరికి లాక్కుని, రాలిపోతున్న గొంతుతో చెప్పింది. పాత మట్టిరోడ్డు, కూలిన కంచె, దాని వెనక మూడు మానుల మధ్య పల్లం. ఇన్నేళ్ళలో ఆ కంచె పక్కనుంచి అతను ఎన్నిసార్లు నడిచి వెళ్ళాడో.

పల్లంలో ఆకులు మడమల లోతున ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తోశాడు. కోసిన కాడలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, తెల్లగా, గుండ్రంగా, నున్నగా. ఒకదాని చుట్టూ వేళ్ళు దించి పెకలించాడు. సంచి లేదు. చిదిమి చూస్తే సుద్దముక్కలా విరిగింది. వెన్నచిప్ప. ఇంకొకటి. లేదు. ఇంకొకటి, అదీ లేదు. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నీదే నిజం వదినా, నీదే నిజం, అని పైకే అంటూ తవ్వాడు. ఏదో పాడు జ్వరం అయుంటుంది. నిన్నటి నీళ్ళేవో పడక వచ్చుంటుంది. మాను మొదట్లో, మిగతా వరసకి కొంచెం ఎడంగా, ఇంకొక కాడ ఉంది. కోత అంతే నున్నగా ఉంది. వేళ్ళు లోపలికి దించాడు. మెత్తగా, సంచిలో చెయ్యిపెట్టినట్టు తగిలింది.

చాలాసేపు బయటికి తియ్యలేదు. మట్టిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నేలలో ఉన్నంతసేపూ అది ఏదైనా కావచ్చు.

మసకచీకటి పడుతుండగా ఆసుపత్రికి చేరాడు. కాగితంలో చుట్టిన కాడను డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె విప్పి చూసి, తలూపి, గబగబా ఫోన్ దగ్గరికి వెళ్ళింది. లోపల వదిన దిండుకి ఆనుకుని కూర్చునుంది. వాంతులు ఆగాయి. ముఖంలోకి కాస్త కళ కూడా వచ్చింది. అతనికి మళ్ళీ ఏమీ అర్థం కాలేదు. బాగైన మనిషిని పెద్దాసుపత్రికి ఎందుకు పంపుతున్నారని నర్సుని అడిగాడు. ఇది ఇలాగే ఒకసారి తగ్గినట్టుంటుందంది నర్సు, చూపు తిప్పుకుని.

"చూశావా?" అంది వదిన.

"చూశాను."

"ఏంటి?"

జీవితంలో మొదటిసారి అతనికి తడుముకోవాల్సిన అవసరం రాలేదు.

"అన్నీ వెన్నచిప్పలే వదినా. ఒక్కోదాన్నీ పెకలించి చూశా."

వదిన అతని ముఖంలోకి చూసింది, గొడుగుని చూసినట్టే, దగ్గరికి లాక్కుని మరీ. ఏం కనిపించిందో చెప్పలేదు.

"చెప్పానా మరి? నీ బొటనవేలు మొద్దుబారిపోయిందిరా. రేపు తూకం దగ్గరవాడికి కూడా చెప్పు. అందరి ముందూ చెప్పు."

"చెప్తా."

స్ట్రెచర్ వద్దంది. నర్సు భుజం పట్టుకుని తనే నడిచి బండెక్కింది. లోపల ఒక్క మనిషికే చోటుందన్నారు. అతన్ని పొద్దున బస్సుకి రమ్మన్నారు. తలుపు వేసేముందు వదిన బయటికి చూసి, "ఇంటి తాళం కప్ప గట్టిగా నొక్కు, సరిగా పడదు," అంది. బండి మలుపు తిరిగింది.

పెద్దాసుపత్రిలో రెండు రోజులు వరండాలో కూర్చున్నాడు. వదిన పచ్చబడింది, తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది, తర్వాత నిద్రపోయింది. ఒక నర్సు బయటికొచ్చి చెప్పింది. సూటిగా, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అయినా అతను ఇంకోసారి చెప్పమన్నాడు.

అన్నీ అయ్యాక, తూకం మనిషి తోడొస్తానంటే వద్దని, ఒక్కడే వదిన ఇంటికెళ్ళాడు. మంచం దులిపాడు. బకెట్టు కడిగాడు. వంటింట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. పొయ్యి పైన, ఈ గోడ మేకుకి కట్టి ఆ గోడ మేకు మీదుగా వేసిన దారం ఉంది. దారానికి గుచ్చిన గొడుగులు. తినగా మిగిలినవి ఎండబెట్టుకుందన్నమాట. ఒకదాని రేకుల మీద వేలు పెట్టాడు. ఎండి, రాలాయి. పక్కదానివీ రాలాయి. ఎండాక అన్నీ రాలుతాయి. ఏది ఏదో ఇక ఏ వేలూ చెప్పలేదు. సందేహమొచ్చింది, పారెయ్యాలి. చెయ్యెత్తాడు. చెయ్యి సగంలో ఆగింది.

దారం సగానికే నిండింది. మిగతా సగం గోడవారగా జారి వేలాడుతోంది. దాని ముడి వెయ్యని చివరన సూది, కిటికీ గాలికి మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ.